ఈ కట్ట అయిపోయాక

ఓటర్ల జాబితాలో మా జూనియర్ పేరు లేదన్న సంగతి నాకు చెప్పింది మా జూనియర్ కాదు. కోర్టులో వకీళ్ల బార్ రూములో నోటీసు బోర్డు ముందు నిలబడి టీ తాగుతున్న మా అసోసియేషన్ సెక్రటరీ. మీ ఆఫీసుకి ఒక్క ఓటే ఉంది సార్ అన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అతనికి ఆ అలవాటుంది, నాకేమో పొద్దున్నే హాస్యాలు గిట్టవు. కళ్లద్దాలు తుడుచుకుని బోర్డు మీద అతికించిన కాగితాలు ఒక్కొక్కటే చదివాను. నా పేరుంది. సెక్రటరీ పేరుంది. వారానికొక రోజు కోర్టుకొచ్చి మిగతా ఆరు రోజులు పామాయిల్ తోట చూసుకునే మిత్రుడి పేరు కూడా ఉంది. పద్నాలుగేళ్లుగా నా పక్క కుర్చీలో కూర్చుని నా కేసులన్నీ మోస్తున్న అమ్మాయి పేరు లేదు. కింద ఇంకో జాబితా ఉంది. ప్రాక్టీసు చేస్తున్నట్టు రుజువు చూపనివారు అని దానికి శీర్షిక. ఆమె అందులో ఉంది.

ఆ కాగితం రెండుసార్లు చదివాను. నా మొహం చూసి సెక్రటరీ టీ గ్లాసు కిటికీలో పెట్టి మెల్లగా జారుకున్నాడు.

తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. న్యాయవాదులకు రాష్ట్రమంతటికీ ఒక కౌన్సిల్ ఉంటుంది. నల్లకోటు వేసుకునే హక్కు ఇచ్చేది అదే, తప్పు చేస్తే ఊడదీసేదీ అదే. దాన్ని నడిపే సభ్యులను మేమే ఓట్లేసి ఎన్నుకుంటాం. ఓటు కావాలంటే లా పట్టా ఒక్కటే చాలదు, నిజంగా ప్రాక్టీసు చేస్తున్నట్టు రుజువు పెట్టాలి. ఏడాదికొకటి చొప్పున ఐదేళ్లకు ఐదు వకాలత్‌లు. వకాలత్ అంటే, నా కేసు ఈ వకీలుకు అప్పగిస్తున్నాను అని కక్షిదారు సంతకమో వేలిముద్రో వేసి ఇచ్చే కాగితం. దాని మీద మన పేరుంటే మనం వకీలు, లేకపోతే కోటు తొడుక్కున్న మామూలు మనిషి. ముప్పై ఎనిమిదేళ్ల ప్రాక్టీసులో ఈ సంగతి నేను ఎన్నడూ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన అవసరం నాకు రాలేదు.

మా కోర్టు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే వైపు, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. నలభై మందిమి ఉంటాం. మామూలు రోజుల్లో మమ్మల్ని పలకరించే దిక్కుండదు. ఎన్నికలొచ్చాయంటే మాత్రం హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. ఎన్నడూ మొహం చూడనివాళ్లు భుజం మీద చెయ్యేసి అన్నా అంటారు. జేబులు విజిటింగ్ కార్డులతో నిండిపోతాయి, మధ్యాహ్నానికి బిర్యానీ దిగుతుంది. ఈసారి నాతో లా చదివిన ఖమ్మం మిత్రుడు కూడా నిలబడ్డాడు. మా ఆఫీసు రెండు ఓట్లూ నీవే పో అని ఫోనులో మాటిచ్చేశాను. ఆ రెండో ఓటు తాలూకు మనిషి అప్పుడు నా ఎదురుగానే కూర్చుని ఏదో పిటిషనుకు జవాబుగా కౌంటరు రాస్తోంది. ఆమెను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

బోర్డు చూసిన ఆ పొద్దున మాత్రం నాకు వచ్చింది కోపం. నాకు కోపమొస్తే కోర్టు ఆవరణలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని మావాళ్లు అంటుంటారు. ఎవడు చేశాడీ పని అని బార్ రూములో నిలబడి అరిచాను. హైదరాబాద్‌లో ఏ గుమాస్తానో నిద్రమత్తులో పేరు ఎగరగొట్టి ఉంటాడని నా నమ్మకం. అభ్యంతరాలకు ఇంకా పది రోజులు గడువుంది. వెంటనే ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల ఎవరో ఆడపిల్ల, ఓపికగానే మాట్లాడింది. సనదు మీద, అంటే కౌన్సిల్ మాకిచ్చే ధ్రువపత్రం మీద, ఉన్న ప్రకారం పూర్తి పేరు చెప్పండి సార్ అంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెప్పండి అంది.

నాకు తెలియదు.

నంబరంటే సరే, ఎవరి నంబరు ఎవరికి గుర్తుంటుంది. పూర్తి పేరే తెలియదు. పద్నాలుగేళ్లలో ఆ పేరు నేను రాయాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు. నేను ఆమెను అమ్మాయ్ అని పిలుస్తాను. కక్షిదారులకు మా అమ్మాయి చూసుకుంటుందని చెబుతాను. జడ్జిగారితో నా జూనియర్ అంటాను. నిమిషంలో చేస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. పక్కనెవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

ఆమె నా ఆఫీసుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వాళ్ల నాన్న మా ఊళ్లో టైలరు. కోర్టు పక్క సందులో ఆయన షాపు. మా బార్‌లో తిరిగే నల్లకోట్లలో సగం ఆయన కుట్టినవే, నా గౌను కూడా. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, బిడ్డ లా పాసయింది, మీ నీడన కూర్చోబెట్టుకోండి అని అడిగాడు. ఆమె కొత్త గౌను ఆయన చేతి కుట్టే. ఎంత ఒద్దికగా కుట్టాడంటే నాకు కాస్త అసూయ కలిగింది. నాకు ఇంత బాగా కుట్టలేదేం అని అడిగాను. మీరు జల్దీ కావాలంటిరి సార్ అని నవ్వాడు. ఆయన ఇప్పుడు లేడు.

కోర్టు నుంచి వచ్చాక ఆమెను అడిగాను. నీ పేరు జాబితాలో లేదు తెలుసా అన్నాను. కోపం ఆమె మీద కాదు గానీ, నా గొంతు అలాగే పలుకుతుంది.

తెలుసన్నట్టు తలూపింది. బోర్డు మీద పెట్టిన రోజే చూసిందట. అంటే అప్పటికి ఆరు రోజులైంది.

"రుజువు కాగితాలు కౌన్సిల్ అడిగిన ఏడాదే పెట్టాలి కదమ్మా. ఎందుకు పెట్టలేదు?"

"పెట్టిన సార్. ఫారం నింపి మీ టేబుల్ మీద పెట్టిన. బార్ ప్రెసిడెంట్ మీరే ఉంటిరి, మీ సంతకం గావాలె. మీరు, నీకెందుకమ్మా, మన ఆఫీసుది నేను పంపుతున్న గదా అన్నరు."

నాకు ఏమాత్రం గుర్తు లేదు. ఆ మాట నేనన్నానా అని అడగబోయి ఆగిపోయాను. అది అచ్చంగా నా మాటే, నేను కాక ఇంకెవరూ అనరు. ఆ ఏడు నేను ప్రెసిడెంటుగా అందరి ఫారాలూ సంతకం పెట్టి హైదరాబాద్ పంపాను. పామాయిల్ తోట మిత్రుడి ఇంటికి మనిషిని పంపించి మరీ ఫారం తెప్పించాను. మా ఆఫీసుది అని పంపింది నాది ఒక్కటే. దాచింది లేదు, కావాలని ఆపింది లేదు. నా పేరు వెళితే ఆమె పేరు కూడా వెళ్లినట్టే అనుకున్నాను. రేషన్ కార్డులో ఇంటిపెద్ద పేరు రాస్తే సరిపోయినట్టు.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీకు కోపమొస్తది సార్" అంది.

ఆ జవాబు నన్ను కొట్టినట్టయింది. అందులో ఫిర్యాదు లేదు. రేపు వాన పడొచ్చు అన్నట్టు చెప్పింది.

సరే, గడువుంది కదా, ఐదు వకాలత్‌లు ఏరి పంపిద్దాం, ఇదెంత పని అన్నాను. గుమాస్తాను పిలిచి బీరువాలు తెరిపించాను. మా గుమాస్తాది నా వయసే, నాకంటే ముందు మా సీనియర్ దగ్గర పనిచేసినవాడు. అంతకంటే ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది, నాకప్పుడే తట్టి ఉంటే ఆ బీరువాలు తెరిపించేవాణ్ణే కాదు.

మా ఆఫీసులో వకాలత్ ఫారాలు అచ్చు వేయిస్తాం. ఇది మా సీనియర్ పెట్టిన పద్ధతి. వకాలత్ మీద ఒక్క పేరే ఉండాలని ఆయన పట్టుదల. రెండు పేర్లుంటే ఎవరిని నమ్ముకోవాలో కక్షిదారుకు తెలియదనేవాడు. నేను ఆయన దగ్గర పదకొండేళ్లు ఆయన పేరు మీదే వాదించాను. ఆయన పోయాక ఖమ్మంలో అదే ప్రెస్సులో నా పేరుతో అచ్చు బ్లాకు చేయించుకున్నాను. వెయ్యి ఫారాలు ఒక కట్ట. ఈ అమ్మాయి చేరిన కొత్తలో, ఒక ఏడాది పని నేర్చుకో, ఈ కట్ట అయిపోయాక ఇద్దరి పేర్లూ వేయిద్దాం అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ మా గుమాస్తా ముందుచూపు గలవాడు. కట్టలో వంద మిగలగానే ఖమ్మం ఫోన్ చేసి పాత బ్లాకుతోనే ఇంకో వెయ్యి తెప్పించేవాడు. ఆ కట్ట ఏనాడూ అయిపోలేదు.

రెండు రోజులు వెతికాం. నేలకొండపల్లి వైపు భూముల కేసులు, కారేపల్లి వైపు పంపకాల దావాలు, ఏజెన్సీ ఊళ్ల కేసులు, అన్నీ కిందికి దించాం. దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుంది. ప్రతి కేసులో దావా ముసాయిదా ఆమె రాసిందే. కౌంటర్లు ఆమె రాసినవే. మార్జిన్లలో పెన్సిలుతో చిన్న అక్షరాలు, సాక్షిని ఏమేమి అడగాలో ఒక్కొక్కటి. ఆ ప్రశ్నలు అడిగి నేను పేరు తెచ్చుకున్న కేసులు నాకు గుర్తొస్తూనే ఉన్నాయి. ప్రతి కట్ట మీదా ఆమె చేతిరాత, ప్రతి వకాలత్ మీదా నా పేరు.

మూడో రోజు కోర్టు రికార్డులు చూపించమని అడిగాను. ప్రతి వాయిదాకూ ఏం జరిగిందో జడ్జి స్వయంగా రాసే కాగితం ఉంటుంది. ఆమె హాజరైన వాయిదాలు వందలున్నాయి, వాటిలోనైనా పేరు దొరుకుతుందని నా ఆశ. కాగితం తరవాత కాగితం తిప్పాను. జూనియర్ కౌన్సెల్ హాజరు అని ఉంది. మళ్లీ జూనియర్ కౌన్సెల్ హాజరు. ఏ జూనియరో ఏ జడ్జీ రాయలేదు. వాళ్లను అనడానికి లేదు, నేను పరిచయం చేసిందే అలా. ఆమె స్వయంగా ఒక సర్వేయరును గంటన్నర క్రాస్ చేసి నీళ్లు తాగించిన కేసు ఒకటుంది, ఆ రోజు నేను వెనక బెంచీలో కూర్చుని మురిసిపోయాను. ఆ వాంగ్మూలం మీద కూడా నా పేరే ఉంది.

చివరికి దొరికినవి రెండు. నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆమె తన సంతకంతో వేసిన ఒక మెమో. న్యాయ సేవల కమిటీ ఒక పేదవాడి కోసం ఆమెను నియమించిన ఉత్తర్వు. ఐదేళ్లకు రెండేళ్లు. మిగతా మూడేళ్లు ఆమె కోర్టులో లేనట్టే. రోజూ నాకంటే ముందు వచ్చి, నేను వెళ్లాక తలుపేసి వెళ్లిన మనిషి.

ఆ రోజు నేను ఆమెతో ఒక తెలివితక్కువ మాటన్నాను. పోనీలేమ్మా, ఒక ఓటే కదా, అంత బాధపడకు అన్నాను. నిజానికి బాధపడుతోంది నేను. ఆమె కట్టలు తాడుతో కడుతోంది, ముడి వేయడం ఆపి నా వైపు చూసింది.

"ఊళ్ల ఓటు అందరికుంటది సార్. అమ్మీకి ఉంది, చెల్లెకుంది, మా గల్లీల పండ్లమ్మే ఆయనకుంది. ఈ ఓటు వకీళ్లకే ఉంటది" అంది.

పద్నాలుగేళ్లలో ఆమె నాతో తన గురించి చెప్పుకున్న పెద్ద మాట అదే. తరవాత మళ్లీ ముడి వేసుకుంది.

మళ్లీ హైదరాబాద్ ఫోన్ చేశాను. ఈసారి సనదు నకలు ముందు పెట్టుకుని, పేరూ నంబరూ తడబడకుండా చదివాను. ఆ ఆడపిల్లే ఎత్తింది. వకాలత్‌లు లేకపోతే కక్షిదారుల అఫిడవిట్లు జతచేయండి, కమిటీ చూస్తుంది, ఒప్పుకుంటుందని మాత్రం చెప్పలేను అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాకు తొమ్మిదేళ్లుగా నడుస్తున్న కేసు ఒకటుంది. కక్షిదారు ఒక కోయ పెద్దమ్మ, అడవంచు ఊరు. ఆమె మూడెకరాల చేనులోకి పక్కవాడు కంచె జరిపాడు. ఆమె ఒక్కతే చాలు, తొమ్మిదేళ్లకూ కలిపి చెబుతుందని కబురు పెట్టాను.

మరునాడే వచ్చింది. ఆటో దిగి, చెప్పులు గుమ్మం బయట విప్పి, నాకు దండం పెట్టి మా అమ్మాయి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇద్దరూ కోయ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ భాష మా అమ్మాయి ఈ కేసు కోసమే నేర్చుకుంది. నాకు ముప్పై ఎనిమిదేళ్లలో నాలుగు ముక్కలు కూడా రాలేదు. మావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేట దగ్గర భూములు కొనుక్కున్నవాళ్లు, ఇక్కడే పుట్టాను, అయినా రాలేదు.

అఫిడవిట్ నేనే డిక్టేట్ చేశాను. నా కేసు ఫలానా సీనియర్ న్యాయవాది గారు నడుపుతున్నారు, ఈవిడ వారికి సహాయంగా తొమ్మిదేళ్లుగా కోర్టుకు హాజరవుతున్నారు. వాక్యం బాగా కుదిరిందనిపించింది. పెద్దమ్మకు అర్థమయ్యేలా చెప్పమ్మా అన్నాను. ఆమె కోయలో చెప్పింది. పెద్దమ్మ వింటూ వింటూ కనుబొమలు ముడిచి, ఏదో గట్టిగా అంది. మా అమ్మాయి తల దించుకుంది గానీ తెలుగులో చెప్పలేదు. ఏమంటోంది అని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగేసరికి పెద్దమ్మే నా వైపు తిరిగింది.

"నా కేసు ఈ అమ్మనే జూస్తాందయ్యా. మా ఊరికొచ్చింది ఈ అమ్మనే, చేను కొలిపిచ్చింది ఈ అమ్మనే. నువ్వు పెద్దాయనవని దండం పెడ్త. నా వకీలు ఈమెనే గదా."

నవ్వబోయాను, నవ్వు రాలేదు. పంతం ఒకటి పట్టుకుంది. నేను వకీలును, నాకు కాగితం కావాలి. ఆమె కేసు కట్ట తెప్పించి, తొమ్మిదేళ్ల కిందటి వకాలత్ తీసి ఆమె ముందు పెట్టాను. ఇదిగో నీ వేలిముద్ర, పైన నా పేరుంది, నీ కేసు నాకే అప్పగించావు అన్నాను. ఒక చదువురాని ముసలమ్మతో ఆ వయసులో నేను చేసిన వాదన అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. అచ్చు అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"ఈ అమ్మ చెయ్యి పట్టుకుంటే ముద్రేసిన. ఈ అమ్మ పేరే ఉన్నదనుకున్న" అంది. మా అమ్మాయి వైపు తిరిగి, "నీ పేరు లేదా బిడ్డా?" అని అడిగింది.

ఆమె లేదని తలూపింది. పెద్దమ్మ కాగితం నా టేబుల్ మీద మెల్లగా పెట్టేసింది. తొమ్మిదేళ్లు నేను గెలిపిస్తానని ధైర్యం చెబుతూ వచ్చిన మనిషికి, నేను తన వకీలునన్న సంగతే తెలియదు. తెలిసి ఉంటే ముద్ర వేసేది కాదేమో కూడా. నా ఆఫీసు బయట బోర్డుంది, నా పేరు దాని మీద ఇంత లావు అక్షరాలతో ఉంది. ఆమె ఆ బోర్డు కిందుగా తొమ్మిదేళ్లు నడిచి వచ్చింది వేరే మనిషి కోసం.

అఫిడవిట్ చింపేశాను. మళ్లీ రాయించాను, ఈసారి పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు. కింద నేను కూడా ఒక వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. నా కేసుల్లో ఈమె చేసిన పని, నా పేరు మీద నేను దాఖలు చేసుకున్న విధం, ఫారం సంగతి, ఏదీ దాచలేదు. అంత కష్టపడి నేను ఏ కాగితమూ రాయలేదు. నా తప్పు ఒప్పుకుంటూ రాయడం నాకు అలవాటు లేని పని. గడువుకు రెండు రోజుల ముందే హైదరాబాద్ చేరింది. చేరినట్టు రసీదు కూడా వచ్చింది. ఇక వస్తుందిలే అని నాకు ధీమా కలిగింది. ఒక సీనియర్ ఇంత చెప్పాక ఎందుకు ఒప్పుకోరు?

తుది జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. ఆధారాలు చాలవు అని ఒక్క వాక్యం.

పోలింగ్ రోజున బార్ లైబ్రరీలో అట్టలతో చిన్న అర కట్టారు. బయట షామియానా కింద అభ్యర్థుల మనుషులు గుంపులుగా నిలబడి వచ్చినవాళ్లకల్లా కార్డులు పంచుతున్నారు. నేను వరుసలో ఉన్నాను. ఆ రోజు కోర్టుకు సెలవు లేదు, ఆమె కట్టలు చంకన పెట్టుకుని మా ముందు నుంచే కోర్టు హాలుకు వెళుతోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్ర వకీలు ఎదురెళ్లి మేడమ్ మేడమ్ అంటూ చేతిలో కార్డు పెట్టాడు, మొదటి ప్రాధాన్యం మా అన్నకే అన్నాడు. ఆమె నాకు ఓటు లేదండీ అంది. ఆ కుర్రాడు, ఓహో సారీ అని, ఇచ్చిన కార్డు ఆమె చేతిలోంచి మళ్లీ తీసేసుకున్నాడు. తీసుకుని ఆమె వెనక వస్తున్న పామాయిల్ తోట మిత్రుడికి ఇచ్చాడు.

వరుసలో నా ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ అంతా చూశారు. ఎవరికీ అదేమీ అనిపించినట్టు లేదు. నెల కిందటైతే నాకూ అనిపించేది కాదు.

నా వంతు వచ్చింది. బ్యాలెట్ కాగితం మడతలు విప్పితే దుప్పటంత ఉంది. వందకు పైగా పేర్లు. మాకు గుర్తు మీద ముద్ర వేసే పద్ధతి కాదు, ఇష్టమైన వరసలో పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. మాటిచ్చాను కనక మిత్రుడికి ఒకటి వేశాను. తరవాత పెన్ను ఆగిపోయింది. పై నుంచి కిందికి ఆ పేర్లన్నీ చదివాను. సగానికి పైగా నాలాంటి సీనియర్లు. ఒక్కొక్కరి వెనకా ఎంతమంది జూనియర్ కౌన్సెల్ హాజరై ఉంటారోనని అనిపించింది. చేతికొచ్చిన అంకెలేవో వేసి, మడిచి, పెట్టెలో పడేసి వచ్చాను.

సాయంత్రం నాలుగున్నరకు ఆమె ఆఫీసుకు వచ్చింది. వాయిదాల డైరీ నా ముందు పెట్టి, ఏ కేసు ఎప్పటికి పడిందో రోజూలాగే చెప్పింది. తరవాత సంచిలోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. అచ్చు వేయించింది కాదు. కోర్టు గేటు దగ్గర స్టాంపులమ్మే ఆయన దగ్గర ఎవరైనా కొనుక్కునే మామూలు వకాలత్ ఫారం. కింద కోయ పెద్దమ్మ వేలిముద్ర ఇంకా కొత్త సిరాతో ఉంది. పైన ఖాళీ గీత మీద నీలం సిరాతో ఒక పేరు, ఇంటిపేరుతో సహా, పక్కన నంబరు. ఉన్న వకీలును కాదని కొత్త వకీలును పెట్టుకోవాలంటే పాత వకీలు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆ పేరు చివరిదాకా చదివాను. వెళ్లిపోతున్నావా అమ్మా అని అడిగాను.

"నేను యాడికి పోత సార్. నా కుర్చీ ఈడనే ఉంటది, మీ పని మీకు చేస్త" అంది. కాగితం నా వైపు కొంచెం జరిపింది. "ఐదేండ్లకు ఐదు గావాలె గద. ఇది మొదటిది."

పెన్ను తీసుకున్నాను. అలవాటు కొద్దీ నా చెయ్యి నేరుగా వకీలు సంతకం పెట్టే చోటికే వెళ్లింది. ఆమె వేలితో పక్కనున్న మార్జిను చూపించింది. అక్కడ అభ్యంతరం లేదు అని రాసి సంతకం పెట్టాను. అంత చిన్న చోట నా సంతకం పట్టదు, ఇరుకుగా పెట్టాల్సి వచ్చింది. ఐదింటికి కోర్టు ఆఫీసు మూసేస్తారు సార్ అంటూ కాగితం తీసుకుని, వాళ్ల నాన్న కుట్టిన గౌను చేతి మీద వేసుకుని జల్దీ జల్దీ మెట్లు దిగింది.

కాసేపటికి గుమాస్తాను పిలిచాను. బీరువాలో మన వకాలత్‌లు ఇంకెన్ని మిగిలాయని అడిగాను. ఎన్నుంటే అన్ని పక్కన పారేసి, రేపే ఖమ్మం వెళ్లి రెండు పేర్లతో బ్లాకు చేయించుకు రమ్మని చెప్పాలని నా ఆలోచన. ఆయన నా మొహం చూసి కంగారు పడ్డాడు.

"అయిపోలేదు సార్. మొన్ననే కొత్త కట్ట వచ్చింది, పాత బ్లాకుతోనే" అన్నాడు.

మొన్న అంటే తుది జాబితా వచ్చిన రోజు. అప్పటికి నెలరోజులుగా ఇంత జరుగుతోంది, దుమ్ములో అన్ని కట్టలు దించాం, అంత పెద్ద వాంగ్మూలం రాశాను. కొత్త కట్ట తెప్పించవద్దని ఆయనకు ఒక్క మాట చెప్పాలని నాకు తోచలేదు.